పాచిక ముందా, అడుగు ముందా

సర్వైవల్ ఆటల్లో, అంటే చావకుండా నిలబడటమే గెలుపైన ఆటల్లో, అదృష్టం ఎంత, తెలివి ఎంత అన్నది చూడటానికి ఒక చిన్న ఆట చెప్తాను. ఏ స్టోర్‌లోనూ దొరకదు, లెక్క చూపించడానికి నేనే కట్టుకున్నది. శ్రీకాకుళం జిల్లా సోంపేట పక్కన బారువ తీరంలో ఒక మనిషి ఒంటరిగా చిక్కుకుపోయాడు. చేతిలో రెండు రోజులకు సరిపడా తిండి ఉంది. రోజుకి ఒక రోజు తిండి ఎలాగూ ఖర్చవుతుంది. ఏడో రోజు పొద్దున్నే తుఫాను మొదలై ఐదు రోజులు గడప దాటనివ్వదు. ఆ పొద్దుటికి ఐదు రోజుల తిండి నిల్వ లేకపోతే ఆట ముగిసినట్టే. ఈలోగా ఉన్నవి ఆరు రోజులు, రోజుకి ఒకటే పని. తీరంలో పీతలు పట్టుకుంటే కచ్చితంగా ఒక రోజు తిండి వస్తుంది, అది ఆ రోజుకే సరి. జీడితోటలోకి వెళ్తే సగంసార్లు మూడు రోజుల తిండి దొరుకుతుంది, సగంసార్లు ఉత్త చేతులే. పైగా తోటలో అడుగుపెట్టిన ప్రతిసారీ ఎలుగుబంటి ఎదురుపడి ప్రాణం తీసే అవకాశం నూటికి 5. జీడితోటల్లో ఎలుగులు తిరిగే ఇక్కడి ఉద్దానం ప్రాంతం వాళ్ళకి ఈ షరతు విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ ఆటని ముగ్గురు ఆడారనుకుందాం. ఒకడు భయస్థుడు, రోజూ పీతలే. ఆరు రోజులూ క్షేమంగా గడుస్తాయి, నిల్వ మాత్రం రెండు దగ్గరే ఉండిపోతుంది. తుఫానులో వాడు బతికే అవకాశం సున్నా. రెండోవాడు మొండివాడు, ఆరు రోజులూ తోటకే పోతాడు. లెక్కేస్తే వాడు బయటపడేది నూటికి 47 సార్లు. మూడోవాడూ తోటకే పోతాడు. కాకపోతే నిల్వ ఐదుకి చేరిన రోజు నుంచీ తోట వైపు కన్నెత్తి చూడడు, పీతలతో సరిపెట్టుకుంటాడు. వాడికి 58. ఈ ఆటని ఇంతకంటే బాగా ఆడే దారి లేదు.

సర్వైవల్ ఆటల మీద కుర్రాళ్ళ వాదన ఎప్పుడూ ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇందులో అదృష్టం ఎంత, తెలివి ఎంత? పై లెక్క చూసి "58 తెలివి, 42 అదృష్టం" అనేయాలనిపిస్తుంది. కానీ భయస్థుణ్ణి చూడండి. వాడి ఆటలో అదృష్టానికి చోటే లేదు, ఆరు రోజులూ ఏం జరుగుతుందో ముందే చెప్పేయొచ్చు. అంత నిశ్చయంగానూ చస్తాడు. మొండివాడు, మూడోవాడు తోటకి వెళ్ళే దారి ఒకటే, ఎదురయ్యే ఎలుగూ ఒకటే. అయినా ఇద్దరి మధ్య 11 తేడా ఉంది. ఆ 11 ఎక్కణ్ణుంచి వచ్చింది? పాచికని ఎన్నిసార్లు పడనివ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్న ఒక్క నిర్ణయం నుంచి. తోటకి ఆరుసార్లు వెళ్తే ఎలుగుని ఆరుసార్లూ తప్పించుకునే అవకాశం 73 దాకా ఉంటుంది. అవసరం తీరాక వెళ్ళిన ప్రతి ప్రయాణమూ దాన్ని ఉత్తి పుణ్యానికి తగ్గించుకుంటూ పోవడమే.

ఇప్పుడు ఆటలో ఒక్కటంటే ఒక్కటి మారుద్దాం. తోటలో ఈ రోజు తిండి ఉందో లేదో ప్రతి పొద్దున్నా ముందే కనిపిస్తుంది. మిగతావన్నీ అలాగే: సగం రోజులు మంచివి, సగం చెడ్డవి, ఎలుగు ముప్పు అదే 5. మూడోవాడు ఇప్పుడు మంచి రోజున తోటకి, చెడ్డ రోజున పీతలకి వెళ్తాడు. ఆరు రోజుల్లో రెండు మంచి రోజులు తగిలితే వాడికి చాలు. బయటపడే అవకాశం 58 నుంచి 80కి ఎగబాకుతుంది. పాచికలో ఏ మార్పూ లేదు, అది పడే వేళే మారింది. ఇదివరకు అడుగు వేశాక పడేది, ఇప్పుడు అడుగుకి ముందే పడుతోంది.

ఆటలు తయారుచేసేవాళ్ళు మొదటి రకాన్ని అవుట్‌పుట్ ర్యాండమ్‌నెస్ అనీ, రెండోదాన్ని ఇన్‌పుట్ ర్యాండమ్‌నెస్ అనీ పిలుస్తారు. పేర్లు కొత్తవి, సంగతి పాతదే. మన అష్టాచెమ్మాలో గవ్వలు ముందు పడతాయి, ఏ కాయ జరపాలన్నది ఆ తర్వాత మీ ఇష్టం. నాలుగు గవ్వలూ బోర్లాపడి అష్టా రావడం మీ చేతిలో లేదు, ఆ ఎనిమిదితో కాయని ఇంటికి చేర్చాలా, ఎదుటివాడి కాయని కొట్టాలా అన్నది పూర్తిగా మీదే. అందుకే అష్టాచెమ్మాలో ముసలమ్మలు మనవల్ని ఊరికే ఓడించరు. వైకుంఠపాళిలో ఆ రెండో భాగం లేదు, పడినంత జరపడమే, అంచేత అందులో ఆరితేరడం అంటూ ఉండదు. పులి-మేకలో మొదటి భాగం లేదు. మూడు పులులు, పదిహేను మేకలు, అన్నీ కళ్ళముందే ఉంటాయి. ఈ మూడూ వీధి అరుగు మీద పక్కపక్కనే గీసి ఆడినవే.

ఫోన్‌లోకి, కంప్యూటర్‌లోకి వచ్చిన చిన్న సర్వైవల్ ఆటలు అదృష్టం మీద ఎందుకింత ఆధారపడతాయో తెలియాలంటే 1980 దాకా వెళ్ళాలి. ఆ ఏడు అమెరికాలో మైఖేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు విద్యార్థులు రోగ్ అనే ఆట బయటికి తెచ్చారు. తెర మీద అక్షరాలే గదులు, అక్షరాలే భూతాలు. చేత్తో గీసిన గుహ ఒకసారి చూస్తే అయిపోతుంది, తయారుచేసినవాడికైతే ఆ ఒక్కసారి ముచ్చటా లేదు. అందుకని గుహని ప్రతిసారీ కంప్యూటరే కొత్తగా అల్లుకునేలా చేశారు. చస్తే మళ్ళీ మొదటి నుంచే. కొత్త పటం, తిరుగులేని చావు అనే ఈ జంట నలభై ఏళ్ళు దాటినా వదల్లేదు. దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. ఇలాంటి చిన్న ఆటలు ఎక్కువగా ఇండీ ఆటలే. ఇండీ అంటే పెద్ద కంపెనీ పెట్టుబడి లేకుండా ఒకరో ఇద్దరో, మహా అయితే ఓ చిన్న బృందమో చేసే ఆట. వంద గంటలకు సరిపడా ఊళ్ళూ అడవులూ చేత్తో గీయడం వాళ్ళ వల్ల కాదు. పాచిక వాళ్ళకి జీతం అడగని పనివాడు.

ఆ పనివాణ్ణి ఎక్కడ నిలబెట్టారన్నదే ఆట గుణాన్ని తేలుస్తుంది. జస్టిన్ మా, మాథ్యూ డేవిస్ అనే ఇద్దరు 2012లో ఎఫ్‌టీఎల్ అనే అంతరిక్ష నౌక ఆట చేశారు. అందులో మీరు కాల్చిన గుండు తగలచ్చు, తగలకపోవచ్చు, అది కాల్చాకే తెలుస్తుంది. దారిలో రకరకాల సంఘటనలు ఎదురవుతాయి. వాటిలో ఆటగాళ్ళందరికీ గుర్తుండిపోయేది సాలీళ్ళ కథ: ఒక అంతరిక్ష కేంద్రంలోకి రాక్షస సాలీళ్ళు చొరబడ్డాయి, సాయానికి మనుషుల్ని పంపుతారా? పంపితే బహుమతి రావచ్చు, మీ మనిషి పోవచ్చు. కొత్తవాడు దయతోనో ఆశతోనో పంపుతాడు. పాతవాడు ముందు తెర మీద నీలిరంగు వాక్యం ఉందేమో చూస్తాడు. తగిన ఆయుధమో పరికరమో మీ నౌకలో ఉంటే ఆ నీలి వాక్యం కనిపిస్తుంది, దాన్ని ఎంచుకుంటే పాచికతో పనే పడదు. లేకపోతే దణ్ణం పెట్టి ముందుకు పోతాడు. సాలీళ్ళు ఎప్పుడు ఎదురవుతాయన్నది అదృష్టం, ఎదురైననాడు నౌకలో ఏముందన్నది అంతకు ముందెప్పుడో చేసిన ఎంపిక.

అదే ఇద్దరు 2018లో ఇన్‌టు ది బ్రీచ్ తెచ్చారు. ఎనిమిది గళ్ళు నిలువు, ఎనిమిది అడ్డం, మీవి మూడు యంత్రాలు. శత్రువు ఏ గడి మీద దాడి చేయబోతున్నాడో మీ వంతు మొదలవకముందే తెర మీద గీతలు గీసి చూపిస్తుంది. మీరు కొట్టిన దెబ్బ గురి తప్పడమన్నది లేదు. ఒక్కోసారి భవనం మీద పడిన దెబ్బని భవనమే తట్టుకుంటుంది, అదొక్కటే అడుగు తర్వాత పడే పాచిక, అదీ మీ మేలుకే. ఎఫ్‌టీఎల్ ఆడి ఓడితే నౌకని తిట్టుకుంటాం, బ్రీచ్ ఆడి ఓడితే మనల్నే తిట్టుకోవాలి. నా మటుకు నాకు ఎఫ్‌టీఎల్ మీదే మక్కువ. అన్నీ ముందే కనిపించే ఆటలో భయం ఉండదు, సర్వైవల్ అని పేరు పెట్టుకున్నదానికి కాస్త భయం ఉండాలి.

ఇక ఎక్కువ కాలం సాగే ఆటల సంగతి. నూటికి 95 వంతులు క్షేమం అంటే మనకి పూర్తిగా క్షేమమనే వినిపిస్తుంది. ఆ పని ఇరవైసార్లు చేస్తే అన్నిసార్లూ బయటపడే అవకాశం 36 మాత్రమే. 99 వంతులు క్షేమమైన పనిని వందసార్లు చేసినా దాదాపు అంతే, 37. ఓడితే కొంత పోయే ఆటలో ఇది పెద్ద విషయం కాదు. చస్తే అంతా పోయే ఆటలో మాత్రం ఇదే అసలు విషయం. సర్వైవల్ ఆటల్లో అనుభవజ్ఞులు పిరికివాళ్ళలా కనిపించడానికి కారణం ఈ గుణకారమే. వాళ్ళు ఒక్కో ప్రమాదాన్ని విడిగా తూచరు, ఇలాంటివి ఈ ప్రయాణంలో ఇంకెన్ని వస్తాయో లెక్కేస్తారు.

2013లో క్లేయ్ ఎంటర్‌టైన్‌మెంట్ తెచ్చిన డోంట్ స్టార్వ్ దీనికి మంచి పాఠ్యపుస్తకం. ప్రతిసారీ కొత్త అడవి. కుందేళ్ళు ఎక్కడ, బంగారం ఎక్కడ, చిత్తడి ఎటువైపు, ఏదీ తెలియదు. కానీ తెలిసినవి చాలా ఉన్నాయి. చీకట్లో దీపం లేకపోతే కొన్ని క్షణాల్లో ఏదో వచ్చి కొడుతుంది, ఇందులో పాచిక లేదు. మామూలు అమరికలో మొదటి ఇరవై రోజులు దాటాక చలికాలం వస్తుంది, ఇందులోనూ లేదు. వేటకుక్కల గుంపు ఏ రోజు వస్తుందో మాత్రం తెలియదు. వచ్చే ముందు గుర్రుమన్న చప్పుళ్ళు వినిపిస్తాయి, రోజులు గడిచేకొద్దీ కుక్కల సంఖ్య పెరుగుతుంది. కొత్త ఆటగాడు చప్పుడు విన్నాక పరిగెత్తుతాడు. అనుభవజ్ఞుడు మొదటి వారంలోనే బీఫాలో అనే దున్నల మంద దగ్గర్లో నివాసం వేసుకుంటాడు. కుక్కలు వచ్చాక మంద మధ్యలోకి వెళ్ళి నిలబడతాడు, మిగతా పని దున్నలు చూసుకుంటాయి. కుక్కలొచ్చే రోజు తెలియకపోయినా, అవి రావడం ఖాయమని తెలుసుకుని చేసిన ఏర్పాటది.

మన జిల్లాలో ఈ రకం తెలివి కొత్తేమీ కాదు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది, అదీ అక్టోబరు 12నే. 2018లో తిత్లీ పలాస సమీపంలో దాటింది అక్టోబరు 11న. ఏ ఏడు వస్తుందో జ్యేష్ఠంలో ఎవరూ చెప్పలేరు, అక్టోబరు గండం మాత్రం తీరంలో ఎవరికీ కొత్త కాదు. పడవలు పైకి లాగి కట్టడం, బియ్యం నూకలు ఎత్తు మీద పెట్టుకోవడం, ఇవన్నీ తేదీ తెలియకుండా చేసే ఏర్పాట్లే. అయితే తిత్లీ ఇంకోటి కూడా చూపించింది. ఉద్దానంలో కూలిన కొబ్బరిచెట్లని, జీడిచెట్లని ఏ ముందుచూపూ కాపాడలేకపోయింది. చెట్టుని ఎత్తు మీద పెట్టుకోలేం, మళ్ళీ నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది. వ్యూహం చేరలేని చోట్లు ఉంటాయి, ఆటల్లోనూ ఉంటాయి. మూడోవాడు ఎంత బాగా ఆడినా 42 సార్లు పోయాడు కదా.

జాగ్రత్తే వ్యూహం అనుకుంటే మళ్ళీ భయస్థుడి దారిలో పడతాం. మొదటి ఆటలోనే ఇంకో కోణం ఉంది. ఆరో రోజు పొద్దున నిల్వ మూడు ఉందనుకోండి. పీతలకి వెళ్తే ఆ రోజు ఏ గండమూ ఉండదు, మర్నాడు తుఫాను మాత్రం చంపి తీరుతుంది. తోటకి వెళ్తే గెలిచే అవకాశం సగానికి కొంచెం తక్కువ. ఇక్కడ ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే సరైన ఎత్తు. ముందున్నప్పుడు పాచికలని తగ్గించుకోవాలి, వెనకబడినప్పుడు పెంచుకోవాలి. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తారు: దండిగా ఉన్నప్పుడు సరదా పుట్టి సాలీళ్ళ మీదికి మనుషుల్ని పంపుతారు, దివాలా తీసినప్పుడు పొదుపు మొదలుపెడతారు.

వ్యాంపైర్ సర్వైవర్స్ గురించి చెప్పకపోతే ఇక్కడి కుర్రాళ్ళు ఒప్పుకోరు. ఏడు రోడ్ల జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి కూడా ఒక బొటనవేలితో ఆడేయొచ్చు, ఫోన్‌లో ఉచితం. 2021లో మొదలై 2022లో పూర్తి రూపంలో వచ్చింది, 2023లో బాఫ్టా ఉత్తమ ఆట పురస్కారం అందుకుంది. లూకా గలాంటే దాదాపు ఒంటరిగా మొదలుపెట్టిన ఆట. ఆయన అంతకు ముందు జూదం ఆటల పరిశ్రమలో పనిచేసినవాడు, ఆ చెయ్యి ఆటలో కనిపిస్తుంది. పెట్టె తెరుచుకునేటప్పుడు వెలుగులు, సంగీతం, లోపలినుంచి ఒకటో మూడో ఐదో వస్తువులు, అచ్చం స్లాట్ మెషీన్. ఆయుధాలు వాటంతటవే పేలుతుంటాయి, మీరు చేసేది నడవడమే. అందుకని పైకి ఇది ఉత్త లాటరీలా ఉంటుంది. అసలు ఆట స్థాయి పెరిగిన ప్రతిసారీ ముందుకొచ్చే మూడు నాలుగు ఎంపికల్లో ఉంది. ఏ ఆయుధానికి ఏ వస్తువు జత కలిస్తే అది రూపం మారుతుందో తెలిసినవాడు మొదటి నిమిషాల నుంచే ఆ జతల కోసం గూళ్ళు ఖాళీగా ఉంచుకుంటాడు. గూళ్ళు పరిమితం, ఎదురొచ్చిందల్లా తీసుకున్నవాడికి తర్వాత చోటుండదు. పైగా నచ్చని ఎంపికని మార్చమనడానికి, దాటేయడానికి, ఈ ప్రయాణంలో మళ్ళీ కనిపించకుండా వెలివేయడానికి వేర్వేరు మీటలున్నాయి. వెలివేత మీట కొత్తవాళ్ళకి వృథాగా కనిపిస్తుంది. అక్కర్లేనివి తగ్గేకొద్దీ కావలసినవి తరచుగా వస్తాయన్న లెక్క తెలిశాక అది ముందుగా నొక్కే మీట అవుతుంది. ఇందులో లక్ అనే గుణమే ఒక అంకెగా ఉంది, ఆట లోపలి నాణేలు పెట్టి పెంచుకోవచ్చు. అదృష్టాన్ని కూడా వ్యూహంలో ఒక సరుకుగా చేసి అమ్మాడు గలాంటే, జూదం పరిశ్రమ నుంచి వచ్చినవాడి చమత్కారం.

ఇవన్నీ విన్నాక కూడా ఒక విద్యార్థి వేరే ఏదో ఆట గురించి అడిగాడు: "నూటికి ఇరవయ్యైదు అన్నాడు మాస్టారూ, పదిసార్లు కొట్టినా ఒక్కటీ తగల్నేదు, ఇది మోసం కాదేటి?" కాదు నాయనా. పావు వంతు అవకాశం ఉన్న దెబ్బ వరసగా పదిసార్లు తప్పడం నూటికి ఐదారుసార్లు జరుగుతుంది. నలభై మంది క్లాసులో సగటున ఇద్దరికి జరుగుతుంది, ఆ ఇద్దరూ ఆటని తిడతారు, మిగతా ముప్పై ఎనిమిది మందికి ఆ సంగతే తెలియదు. నిజానికి నిఖార్సైన పాచికే మనుషులకి మోసంలా కనిపిస్తుంది. సివిలైజేషన్ ఆటల రూపకర్త సిడ్ మెయిర్ 2010లో ఒక సదస్సులో చెప్పిన సంగతి ఇదే. మూడుకి ఒకటి చొప్పున తమవైపు బలం ఉండి ఓడితే ఆటగాళ్ళు గోల పెట్టారు, అదే బలం ఎదుటివైపు ఉండి తాము గెలిస్తే ఎవరూ నోరెత్తలేదు. అంచేత లెక్కనే మనుషుల మనసుకి తగ్గట్టు సర్దారు.

అలా సర్దడం ఇప్పుడు మామూలైపోయింది. డోటా 2లో పావు వంతు అని చెప్పిన దెబ్బ మొదటిసారి తగిలే అవకాశం నిజానికి నూటికి దాదాపు 8.5 మాత్రమే, తప్పిన ప్రతిసారీ అంతంత పెరుగుతూ పన్నెండోసారికి తగలక తప్పదు. సగటు మాత్రం పావు వంతే వస్తుంది. ఇప్పటి టెట్రిస్‌లో ఏడు రకాల ముక్కల్నీ ఒక సంచిలో వేసి కలిపి ఒక్కొక్కటీ తీస్తారు, సంచి ఖాళీ అయ్యాకే మళ్ళీ నింపుతారు. పొడుగు ముక్క కోసం ఎంత ఎదురుచూసినా మధ్యలో పన్నెండు ముక్కలకు మించి రావు. ఈ సంగతి తెలిసినవాడు ఆ ముక్కకి చోటు ధైర్యంగా వదిలి ఉంచుతాడు, తెలియనివాడు దేవుడి మీద భారం వేస్తాడు.

మరి ఒక ఆటలో తెలివికి ఎంత చోటుందో కొలిచే పద్ధతే లేదా అంటే ఉంది: పాచికని అందరికీ ఒకటే చేసి ఆడించి చూడటం. డెరెక్ యు చేసిన స్పెలంకీలో రోజుకొక సవాలు ఉంటుంది, ఆ రోజు ప్రపంచంలో ఎవరు ఆడినా గుహలు అవే, ఉచ్చులు అవే. ఒకడు మొదటి గుహలోనే ముళ్ళ మీద పడతాడు, ఒకడు అడుగుదాకా వెళ్తాడు. ఆ తేడాని అదృష్టం మీదికి నెట్టడం కుదరదు. ఇంకా సులువైన ఉదాహరణ 2014లో గాబ్రియేలే సిరుల్లి పెట్టిన 2048. కొత్తగా వచ్చే గడి పదింట తొమ్మిదిసార్లు 2, ఒకసారి 4, ఎక్కడ పడుతుందో తెలియదు. పలక నిండేదాకా నిలబడటమే ఆట. తోచినట్టు జరిపేవాడు 2048 గడిని చూడటం అరుదు. పెద్ద అంకెని ఒక మూలకి తోసి అక్కడే ఉంచే అలవాటు చేసుకున్నవాడు తరచుగానే చూస్తాడు. ముందుకొచ్చే ఎత్తులని లెక్కగట్టే మంచి ప్రోగ్రామ్ దాదాపు ప్రతిసారీ చేరుతుంది. ముగ్గురికీ ఆ పాచికే.

కోర్టులు కూడా ఈ చిక్కుముడి విప్పబోయాయి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, రమ్మీలో పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమున్న ఆటేనని కోర్టు చెప్పింది. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ కేసుగా న్యాయవాదులు ఇప్పటికీ ఉటంకించేది ఇదే. గమనిస్తే ఆ వాదన కూడా పంచడం ముందు, పారేయడం తర్వాత అన్న వరసని పట్టుకున్నదే. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టమైతే ఆట నైపుణ్యానిదా, అదృష్టానిదా, రెండూ కలిసిందా అన్న విచారణే మానుకుంది. లాభం ఆశించి డబ్బు పెట్టి ఆడేదైతే చాలు, నిషేధం. గలాంటే ఆట స్లాట్ మెషీన్‌లా ఎంత మెరిసినా ఈ నిషేధం పరిధిలోకి రాదు. పెట్టెలోంచి రాలేవి ఆట లోపలి నాణేలు, వాటిని బయటికి తెచ్చి రూపాయలు చేసుకునే దారి లేదు.